ఐదో రోజు ఎక్స్‌రే

ఫిల్మ్ నగర్‌లో నేను ఎడిటర్ని. ఎవరో తీసిన సాగతీతను కత్తిరించి, కథ పరిగెత్తుతోందని జనాన్ని నమ్మించడం నా పని. ఇంట్లో మాత్రం ఏడేళ్ళ మా అమ్మాయి కడుపులో తిన్నది వారానికోసారి గానీ కదిలేది కాదు. బాత్రూమ్‌లో కూర్చుని ఏడ్చేది. అపార్ట్‌మెంట్ మొత్తం ఉచితంగా వైద్యం చెప్పింది. బొప్పాయి పెట్టని నేనే పాపాత్ముణ్ణని తేల్చింది.

జూబ్లీహిల్స్‌లో పిల్లల డాక్టరమ్మ ఒక క్యాప్సూల్ ఇచ్చారు. లోపల బుల్లి రింగులు. మింగిన ఐదో రోజు ఎక్స్‌రే తీసి, ఎన్ని మిగిలాయో, ఎక్కడ ఆగాయో చూస్తే పేగు వేగం తెలుస్తుందట. "అప్పటిదాకా విరేచనాల మందేదీ ఇవ్వకండి. ఉన్నది ఉన్నట్టు చూడాలి" అని రెండుసార్లు చెప్పారు.

ఉన్నది ఉన్నట్టు చూపించడం మా వృత్తిలో నేరం. నిర్మాతకు వేసి చూపించే ముందు రోజు కూర్చుని, సాగేవన్నీ లేపేస్తాం. నాలుగో రోజు సాయంత్రం పాప కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. చూడలేకపోయాను. ఆముదం పట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఎక్స్‌రే తీసినతను మెచ్చుకున్నాడు. "మస్తు సాఫ్ ఉంది సార్. ఒక్క రింగు గూడ లేదు." సిగ్గు లేకుండా పొంగిపోయాను, నా సినిమా హిట్టయినట్టు.

డాక్టరమ్మ ఫిల్మ్ చూసి నవ్వారు. "పేగు బ్రహ్మాండంగా ఉందండీ. స్కూలంటే భయమేమో, నొప్పని సాకు చెబుతోంది."

పాప నావైపు తిరిగింది. "నిజంగానే నొప్పొస్తుంది కదా నాన్నా?"

అప్పుడు ఆముదం సంగతి కక్కాను. డాక్టరమ్మ ఆ ఫిల్మ్ తీసి పక్కన పడేశారు. తర్వాత "మళ్ళీ మొదటి నుంచి" అన్నారు. మహా ఎడిటర్‌గారి పుణ్యమా అని పిల్లకి ఇంకో ఐదు రోజులు.

రెండో క్యాప్సూల్ మింగుతూ, "ఈసారి నేనేడిస్తే నువ్వు ఆఫీసుకెళ్ళిపో నాన్నా. నూనె మాత్రం పట్టకు" అంది. వెళ్ళలేదు. ఏడ్చినంతసేపూ పక్కనే కూర్చున్నాను. అంత పొడుగైన ఐదు రోజులు నా జన్మలో చూడలేదు.

ఈసారి ఫిల్మ్ నిండా రింగులే. డాక్టరమ్మ మందులు రాస్తుంటే, పాప ఒక్కో రింగు మీదా వేలు పెట్టి చూపించింది. ఆవిడకి కాదు, నాకు.

"చూశావా, నేను అబద్ధం చెప్పలేదు."