కోహీర్ చలికి కొన్న ఎర్ర కారు

మా బావ రాజేశ్వర్‌ని ఏదైనా అడిగి చూడండి. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే "ఏమో" అంటాడు. మేనకోడలి పెళ్లికి పోదామా అంటే "ఏమో" అంటాడు. ఒంట్లో బాగుందా అని పదే పదే అడిగితే, అడిగినవాడి మొహం వంక కూడా చూడకుండా "మంచిగనే ఉన్న" అంటాడు. లారీ దిగినప్పటి నుంచి ఇదే వరస. నాకు ఒళ్లు మండేది. మనిషన్నాక కోపమైనా రావాలి కదా, పోనీ ఏడుపైనా రావాలి కదా!

అంతకుముందు ఇలా ఉండేవాడు కాదు. ముప్పై ఏళ్లు ముంబై హైవే మీద లారీ నడిపాడు. ఇక్కడి అల్లం, ఆలుగడ్డ పుణె మార్కెట్‌కు మోసేవాడు, వచ్చేటప్పుడు ఉల్లిగడ్డ తెచ్చేవాడు. సందు మొదట్లో హారన్ వినబడిందంటే మా అక్క నాగరాణి పొయ్యి మీద ఎసరు పెట్టేది. నేను బస్టాండు దగ్గర టైలర్‌ని. దుకాణం ముందు లారీ ఆపి, నా కుట్టుమిషన్ చూసి ఊరంతా వినేలా అరిచేవాడు.

"ఏం రా బామ్మర్ది! నువ్వు గూడ కాలుతోనే బతుకుతున్నవ్, నేను గూడ కాలుతోనే బతుకుతున్న. నీ బండి మాత్రం పొద్దుందాక తొక్కినా ఉన్నకాడనే ఉంటది!"

వినేవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. నాకు అప్పుడు కూడా ఒళ్లు మండేది, కానీ అది వేరే మంట.

లారీల యజమాని సేటు ముసలివాడై బండ్లన్నీ అమ్ముకున్నాడు. ఈ వయసులో బావను ఇంకెవరూ పెట్టుకోలేదు. ఇంటికొచ్చి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాడంటే కూర్చున్నాడు, అంతే. షుగర్ గోలీలు చేతికిస్తే మింగేవాడు, ఇవ్వకపోతే అడిగేవాడు కాదు. అక్క చేసిన ఏ కూరైనా ఒకటే తీరుగా తిని లేచేవాడు.

అక్కది కోహీర్‌లో ఆడపిల్లల హాస్టల్‌లో వంటపని. పిల్లలు లేచేసరికి ఉప్మా తయారుగా ఉండాలి కాబట్టి తెల్లవారకముందే షేర్ ఆటో ఎక్కాలి. చలికాలంలో రాష్ట్రంలో అందరికంటే ఎక్కడ చలి ఎక్కువంటే టీవీలో కోహీర్ పేరో న్యాల్‌కల్ పేరో చదువుతారు. మావాళ్లు అది విని, ఏదో బహుమతి వచ్చినట్టు మురుస్తారు. ఆ చలిలో రెండు పక్కలా తెరిచి ఉన్న ఆటోలో కూర్చుని పోయేవాళ్లకు తెలుస్తుంది ఆ మురిపెం.

పోయిన కార్తీకం తర్వాత ఒకరోజు అక్క జ్వరంతో పొద్దున్నే తిరిగొచ్చింది. వేళ్లు కొయ్యబారిపోయి గేటు గొళ్లెం కూడా తీయలేకపోయింది. ఆమె ఫోన్ చేస్తే మందు తీసుకుని నేను అప్పటికే వచ్చి ఉన్నాను. బావ కుర్చీలోంచి చాలాసేపు చూశాడు.

"కారు కొంట," అన్నాడు.

అక్క నా మొహం చూసింది, నేను అక్క మొహం చూశాను. ఇన్నాళ్లకు ఈ మనిషి నోటి నుంచి ఒక కోరిక! దాచుకున్న పైసలు దేనికోసం దాచుకుందో ఆమె మళ్లీ ఆలోచించలేదు.

పాత కార్లు అమ్మే చోటికి బీదర్ పోయాం. అక్క ఎత్తుగా ఉన్న ఒక తెల్ల కారు దగ్గర నిలబడింది. సామాను పడుతుంది, గుంతల్లో తగలదు, ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు. బావ దాన్ని చూడనైనా చూడలేదు. ఆ మూల ఒక ఎర్ర కారు ఉంది. నేలకు ఆనినట్టున్న ఒళ్లు, డిక్కీ మీద రెక్క, వెడల్పు చక్రాలు, కాలేజీ పోరగాళ్లు మోజుపడే బండి.

"బావా, నీకేమన్నా మతి పోయిందా? కోహీర్ రోడ్డు గుంతల్ల పండుకుంటది ఇది," అన్నాను.

"ముప్పై ఏండ్లు గంపెడు బరువు ఏస్కొని మెల్లగ నడిపిన రా. ఒక్క బండన్న నేనంటే ఉరకాలె," అన్నాడు.

లారీ దిగిన తర్వాత ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదటిసారి. ఇంక నేనేం అడ్డం చెప్తాను! అక్క తెల్ల కారు మీది నుంచి చెయ్యి తీసేసింది.

బండిని పూజకు ఝరాసంగం గుడికి తీసుకుపోయాం. పసుపు, కుంకుమ, దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. అందరికీ తెలిసిన పద్ధతే, మెల్లగా కదిపి నిమ్మకాయలు తొక్కించి ఆపాలి. బావ కదపగానే బండి ఎగిరి దూకింది. పంతులు హారతి పళ్లెంతో సహా పక్కకు దుమికాడు. "లారీ కాలు గద, చిన్న బండికి అలవాటు కాలేదు," అని ఎవరో అంటే అందరం నవ్వాం. నేను గట్టిగా నవ్వాను, పాత బాకీ తీర్చుకున్నట్టు.

ఆ మర్నాటి నుంచి అక్కను బావే దింపి రావడం మొదలుపెట్టాడు. అక్క కారు దిగుతుంటే హాస్టల్ పిల్లలు చప్పట్లు కొట్టారట. పుష్యమాసం దగ్గరపడింది. హాస్టల్ పిల్లల డ్రెస్సుల కొలతలకని ఒకరోజు నేనూ ఎక్కాను. అద్దాల మీద మంచు చెమ్మ. బావ ఎక్కుతూనే అరికాళ్లు రెండూ రుద్దుకున్నాడు.

"కాళ్లు మొద్దువారినయ్," అన్నాడు.

"నాయి గూడ గట్లనే ఉన్నయ్," అంది అక్క.

"నాయి అసలు ఉన్నయో లేవో," అన్నాను నేను.

కోహీర్ చలికి కాళ్లు మొద్దుబారాయంటే ఎవరు పట్టించుకుంటారు? మా దగ్గర అది పలకరింపు లాంటి మాట.

హైవే వదిలి కోహీర్ రోడ్డుకు మళ్లాక మంచులోంచి ఒక బర్రె రోడ్డు మీదికొచ్చింది. బావ దాన్ని దూరం నుంచే చూశాడు. నేనూ చూశాను. బండి మాత్రం ఆగలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా, ముక్కులు పగిలేంత కుదుపుతో ఆగింది. బర్రె కొమ్ము బానెట్ మీద ఉంది. అక్క టిఫిన్ డబ్బాను పొట్టకు గట్టిగా అదుముకుంది.

"టైర్లు," అన్నాడు బావ. "చలికి పట్టుకుంటలేవు."

మధ్యాహ్నమే ముష్తాక్ దుకాణానికి పోయాం. హైవే పక్కన టైర్ల దుకాణం అతనిది. బావకు పాత దోస్తు.

"సల్లటి దేశాలల్ల చలికాలం టైర్లని వేరే ఉంటయట గద, అవి ఎయ్యి," అన్నాడు బావ.

"అరె రాజన్నా, అవి రోడ్ల మీద మంచు గడ్డకట్టే కాడికి. మనకాడ ఏస్తే ఎండకాలంల వడియాల పిండి లెక్క మెత్తగయితయ్," అన్నాడు ముష్తాక్. వంగి టైరును గోరుతో గీరాడు. "ఇవి జర గట్టి రబ్బరు. స్పోర్ట్ బండ్లకు గివే ఏస్తరు. వేడెక్కినంక మంచిగ పట్టుకుంటయ్. నువ్వు పొయ్యేది పొద్దుగాల, అప్పటికి ఇవి నిద్రనే లేవవు. జర మెత్త రబ్బరుది, చాళ్ల లెక్క లోతు గాళ్లున్నది ఏస్త. మంచుకు తడిసిన రోడ్డు మీద ఆ గాళ్లల్లకెల్లి నీళ్లు పక్కకు పోతయ్. గాలి మాత్రం బండి నడపకముందు, సల్లగున్నప్పుడే చూపించుకో. ఫికర్ లేదు."

బావ ఒక్కో టైరునూ అరచేత్తో తడిమి చూశాడు. ఏ టైరు, ఏ ఊళ్లో తయారైంది, ఎప్పటిది, అన్నీ అడిగాడు. ముప్పై ఏళ్ల డ్రైవరు మళ్లీ కనిపించాడు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి, చెప్పుకోవడానికి సిగ్గెందుకు? నాలుగు టైర్లూ మార్పించి, పెళ్లికొడుకులా ఇంటికొచ్చాడు.

కొత్త టైర్లతో వారం తిరక్కుండానే హాస్టల్ గేటుకు గుద్దాడు. దెబ్బ పెద్దది కాదు. కానీ గేటు తీయడానికి అక్క అప్పుడే దిగి, దానికి ఈ పక్కన నిలబడి ఉంది. ఒక్క అడుగు తేడాతో తప్పించుకుంది. ఇంటికొచ్చాక ఆ మాట నాకు వంటగదిలో చెప్పింది, బియ్యం ఏరుతూ, మొహంలో ఏ మార్పూ లేకుండా.

"ఇంక ఎక్కకు అక్కా," అన్నాను.

"ఎక్కకుంటే మల్ల కుర్సీల కూసుంటడు," అంది.

ఎక్కితే ఆమె ప్రాణానికి భయం, ఎక్కకపోతే ఆయన మళ్లీ రాయి. మర్నాడు కూడా ఎక్కింది.

బావ మళ్లీ ముష్తాక్ మీదికి పోయాడు. ముష్తాక్ గాలి చూశాడు, చక్రాలు తిప్పి చూశాడు, బ్రేకులు విప్పి చూశాడు. చివరికి తనే ఎక్కి హైవే మీద ఒక చక్కరు కొట్టొచ్చాడు.

"బండి మంచిగున్నది రాజన్నా. తొక్కితే ఆగుతున్నది."

"అంటే? నాకు నడపొస్తలేదంటవా?" బావ గొంతు లేచింది. "నువ్వు పంక్చర్లు నేర్చుకునే నాటికే నేను పుణె ఘాట్ దిగిన! ఇజ్జత్ తీస్తున్నవ్ రా!"

ముష్తాక్ తల దించుకున్నాడు. నేను పక్కకు తిరిగి లోలోపల సంబరపడ్డాను. బావకు కోపం వచ్చింది! ఇంత కోపం! అక్కకు ఫోన్ చేసి మరీ చెప్పాను. మంచిరోజులొచ్చాయనుకున్నాం ఇద్దరం.

అలక ఎన్నాళ్లుంటుంది? సంక్రాంతి ముందు ఒక పొద్దున, అక్కను దింపి వస్తూ బావ మళ్లీ ముష్తాక్ దుకాణం ముందే ఆగాడు. నేను అక్కడే చాయ్ తాగుతున్నాను. చలికాలం పొద్దున ఆ దుకాణం ముందు పాత టైర్ల ముక్కలు వేసి మంట పెడతారు. ఆ కంపు, ఆ నల్ల పొగ ఎవరికీ పట్టవు, వెచ్చగా ఉంటే చాలు. బావ బల్ల మీద కూర్చుని రెండు కాళ్లూ మంట వైపు చాపాడు.

ముష్తాక్ చాయ్ గ్లాసు ఇచ్చాడు. ఇద్దరూ ఘాట్ రోడ్డు ముచ్చట్లలో పడ్డారు. రబ్బరు కాలిన వాసన గుప్పుమంది. టైరు ముక్క బాగా అంటుకుందనుకున్నాను. అందరం అదే అనుకున్నాం. తర్వాత వాసన మారింది. కిందికి చూశాను.

బావ కుడికాలి చెప్పు కరిగి మంటలోకి కారుతోంది. దాని మీద కాలు అలాగే ఉంది. బావ చాయ్ ఊదుకుని తాగుతున్నాడు.

"బావా!" అని అరిచి రెండు చేతుల్తో కాలు పట్టి గుంజాను. చాయ్ ఒంటి మీద ఒలికింది.

"ఏమైంది రా?" అన్నాడు, విసుగ్గా.

ముష్తాక్ నీళ్లు తెచ్చి పోశాడు. కరిగిన చెప్పు అరికాలికి అంటుకుని ఉంది, పక్కన చర్మం తెల్లగా ఉబ్బింది. బావ వంగి తన కాలిని చూసుకున్నాడు. వేలితో నొక్కాడు. మళ్లీ నొక్కాడు. తర్వాత తల తిప్పి కారు వైపు చూశాడు, దాని కొత్త టైర్ల వైపు. అప్పుడు ఆయనకు తెలిసింది, పట్టు పోయింది టైర్లకు కాదని. నాకూ తెలిసింది. ఆటో కోసం రోడ్డు మీదికి ఉరికాను.

దవాఖానలో డాక్టరమ్మ కట్టు కట్టించాక, కళ్లు మూసుకోమని రెండు అరికాళ్లనూ సన్నటి నైలాన్ దారంతో తాకుతూ పోయింది. తాకినప్పుడల్లా చెప్పమంది. బావ "ఆ" అన్నాడు. కాసేపటికి మళ్లీ "ఆ" అన్నాడు. ఆయన "ఆ" అన్నప్పుడు ఆమె చెయ్యి గాల్లో ఉంది.

"షుగర్‌కు నరాలు పోయాయి. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?" అని అడిగింది.

"చలికి అనుకున్న మేడం."

"మరి ఎండాకాలంలో?"

"ఎండకాలంల లారీ లేకుండె గద," అన్నాడు. "చూస్కోలేదు."

బండి నడపొద్దంది ఆమె. "మంచిది," అన్నాడు. ఉప్పు గురించి అడిగితే ఎలా చెప్తాడో అలాగే.

మళ్లీ కుర్చీ. కట్టు కట్టిన కాలు స్టూలు మీద. ఎర్ర కారు మీద ముష్తాక్ ఒక పట్టా కప్పి పోయాడు. అక్క మళ్లీ ఆటో ఎక్కింది. కారు అమ్మేద్దామా అని అడిగాను. "ఏమో," అన్నాడు. ఈసారి నాకు ఒళ్లు మండలేదు. ఏమీ అనిపించలేదు. అందరం అలాగే ఉండిపోయాం, పండగ వచ్చింది, పోయింది.

మాఘమాసంలో ఒక ఆదివారం అక్క వంట ముగించి, చేతులు కొంగుకు తుడుచుకుని, గోడకున్న తాళంచెవి తీసింది. పోయి పట్టా లాగేసింది. బావ ముందుకొచ్చి నిలబడింది.

"లెవ్వయ్యా. నాకు నేర్పు," అంది.

"నీకా?" అన్నాడు.

"నాకే. ఉరికే బండి కొన్నవ్ గద, ఊకెనే పెడ్తవా? నా కాళ్లు మంచిగున్నయ్."

బావ కర్ర పట్టుకుని లేచాడు.

మార్కెట్ యార్డు వెనుక ఖాళీ జాగాకు ముష్తాక్ బండి తెచ్చి పెట్టి, దూరంగా పోయి నిలబడ్డాడు. అక్క డ్రైవరు సీట్లో కూర్చుంది, చీర కుచ్చిళ్లు మడిచి చెక్కుకుని. బావ ఎడమ పక్కన. ఆ పక్కన ఆయన కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. నేను వెనుక సీట్లో కూర్చున్నాను.

బావ ఇంజన్ స్టార్ట్ చేయించాడు.

"ముందుగాల ఆపుడు నేర్చుకో. బ్రేకు మీద కాలు పెట్టు. మెల్లగ తొక్కు."

తొక్కింది.

"తాకిందా?"

"తాకింది."

"ఎట్లున్నది?"

అక్క ఆయన వైపు తిరిగింది. ఎందుకడుగుతున్నాడో అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. మళ్లీ ముందుకు తిరిగి, కాలు మీద ధ్యాస పెట్టి చెప్పసాగింది.

"ముందుగాల ఒట్టిగ దిగింది. తర్వాత గట్టిగ తగిలింది. ఇగో, ఇప్పుడు కిందికెల్లి నా కాలును మీదికి తోస్తున్నది. జర జర వణుకుతున్నది గూడ."

"ఆ," అన్నాడు బావ. "ఆ. గదే."

కట్టు కట్టిన ఆయన కుడికాలు కింద వట్టి మ్యాటును నొక్కుతోంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"మల్లొక్కసారి తొక్కు," అన్నాడు. "తొక్కి చెప్పు."