మరాఠీలో ఉన్న ఆర్డరు

ఎల్లారెడ్డిలో వకీలుగా ఉన్న నా దగ్గరికి ఒక రైతు వచ్చాడు. చేతిలో మరాఠీలో ఉన్న కోర్టు ఆర్డరు. భార్యది మద్నూర్ అవతల, సరిహద్దు దాటాక మహారాష్ట్రలోని ఊరు. ఇద్దరూ విడిపోయాక, ఏడేళ్ల కూతురు తల్లి దగ్గరే ఉండాలని అక్కడి కోర్టు చెప్పింది. సెలవులకని తెచ్చుకున్న బిడ్డను ఇతను తిరిగి పంపలేదు.

"గా కోర్టు మాట ఈడ నడుస్తదా సార్?" అన్నాడు.

"మరాఠీ కాగితం ఈడ ఎవరు చదువుతరు? అది ఇంట్ల పెట్టు" అన్నాను.

కామారెడ్డి కోర్టులో పిటిషన్ వేశాను. ఇంతకుముందు వేరే కోర్టులో ఏమైనా కేసు నడిచిందా అన్నచోట 'లేదు' అని నా చేత్తో నేనే రాశాను. కేసు తేలేదాకా బిడ్డను తండ్రి దగ్గరి నుంచి ఎవరూ తీసుకుపోకూడదని ఆర్డరు వచ్చింది. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే తల ఎత్తబుద్ధి కాదు.

వాయిదా రోజు వరండాలో నల్లకోటు చూసి ఒకామె నా దగ్గరికి వచ్చింది. నేను ఎవరి వకీలునో ఆమెకు తెలియదు. ప్లాస్టిక్ కవరులోంచి అదే ఆర్డరు నకలు తీసింది.

"సాబ్, మా జడ్జి సాబ్ రాసిచ్చిండు. మీ జడ్జికి ఎట్ల ఇయ్యాలె?" అంది వచ్చీరాని తెలుగులో.

"గది ఈడ చెల్లదమ్మా" అని లోపలికి వెళ్లిపోయాను.

ఆమె మాత్రం కదల్లేదు. కేసు పిలవగానే ఆ కాగితం పట్టుకుని జడ్జిగారి ముందు నిలబడింది. జడ్జిగారు మరాఠీ వచ్చిన అటెండరును పిలిపించి చదివించారు. అతను ఒక్కో మాటా తెలుగులో చెబుతుంటే నేను నేల చూస్తూ నిలబడ్డాను.

"ఈ సంగతి మీకు తెలుసా?" అని నన్ను అడిగారు.

"తెలుసు మేడమ్."

జడ్జిగారు గొంతు పెంచలేదు. "అదీ మన కోర్టులాంటిదే కదండీ. వాళ్లు ఇద్దరి మాటా విని చెప్పిన దాన్ని, నేను ఒక్కరి మాట విని తోసేశాను. మీరు నాతో ఆ పని చేయించారు."

తానిచ్చిన ఆర్డరును తానే రద్దు చేశారు. ఏం అడగాలన్నా మహారాష్ట్ర కోర్టులోనే అడగమని, బిడ్డను తల్లికి అప్పగించమని తండ్రికి చెప్పారు. జరిగింది వివరిస్తూ అక్కడి జడ్జికి ఉత్తరం కూడా రాయించారు.

తండ్రి వెంట వచ్చిన బిడ్డను వరండాలో తల్లి మరాఠీలో పిలిస్తే, బిడ్డ తెలుగులో బదులిచ్చింది.

"ఇన్ని రోజులు ఎందుకు రాలే అమ్మా?"

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఒక మాట అన్నా బాగుండేది.

సాయంత్రం బస్టాండులో ఇద్దరూ కనిపించారు. తప్పు నాదని చెప్పాలనే దగ్గరిదాకా వెళ్లాను.

"మద్నూర్ దిక్కు పోయే బస్సు వచ్చిందా?" అని మాత్రం అడిగాను.

"ఇంకా రాలె సాబ్" అంది, బిడ్డకు జడ అల్లుతూ.

నేను ఎల్లారెడ్డి బస్సు ఎక్కి కూర్చున్నాను.