చెప్పులు లేని గుమ్మం

పోయిన నెల ఖమ్మంలో ఒక మాల్ ముందు మా చెల్లెలి కోసం నిలబడి ఉన్నాను. ఒక పెద్దావిడ గాజు తలుపు దాకా వచ్చి, చెప్పులు ఓ పక్కకు విడిచి, లోపలికి అడుగు పెట్టబోయింది. వేసుకునే రమ్మని సెక్యూరిటీ ఆయన చెప్పాడు. ఆవిడ ఆయన్నీ, నున్నటి నేలనూ మార్చి మార్చి చూసి, నమ్మకం కుదరక, చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లింది. పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు మా పెద్దనాన్న గుర్తొచ్చాడు.

పెద్దనాన్నకు సత్తుపల్లి బజారులో బట్టల షాపు ఉండేది. షాపంటే గోడ నుంచి గోడ దాకా పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు, చుట్టూ బీరువాల్లో తానులు. గంజి వాసన, కొత్త బట్ట వాసన కలిసి గుమ్మంలోనే ఎదురొచ్చేవి. వచ్చినవాళ్లు మెట్ల కింద చెప్పులు విడిచి, పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. టీ వచ్చేది. వేంసూరు వైపు వానలు ఎలా ఉన్నాయో, ఎవరి పిల్లకు ఎక్కడ సంబంధం కుదిరిందో మాట్లాడుకున్నాకే చీర మడత విప్పేవాడు. ఆయన చీరలకంటే మాటలే ఎక్కువ అమ్ముతాడని పెద్దమ్మ అనేది. ఎవరి వ్యాపారం ఎలా నడుస్తోందో తెలియడానికి ఆ బజారులో ఒకటే గుర్తు, మెట్ల దగ్గరి చెప్పులు. తీరిక దొరికితే పెద్దనాన్న వీధి పొడవునా వాటిని చూసుకుంటూ నడిచొచ్చేవాడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, బొగ్గు గనుల జీతాలు ఊళ్లోకి రావడం మొదలయ్యాక, వీధి చివర మూడంతస్తుల బట్టల దుకాణం లేచింది. పేరు షాపింగ్ మాల్. పెద్దనాన్న కొడుకు, మా అన్నయ్య, కంగారు పడ్డాడు. మాది చర్చి కుటుంబం. షాపు గిరాకీలో సగం క్రిస్మస్ బట్టలదే, ఏడాదంతా ఇల్లు గడిచేది దాని మీదే. ఆ గిరాకీ ఒక్కసారి అటు మళ్లితే తిరిగి రాదని, పరుపులు తీసేసి కౌంటర్లు పెడదామని అన్నయ్య పోరు పెట్టాడు. పెద్దనాన్న కూర్చున్నచోటి నుంచే ఆ మాల్ గాజు తలుపు వైపు చెయ్యి చూపించాడు. మెట్ల మీద ఒక్క చెప్పు లేదు.

“కొనేటోడు కూసుంటడు. కూసునేటోడు చెప్పులిడుస్తడు. ఆడ చెప్పులేవిరా?”

లోపలికి పోయేవాళ్లంతా చల్లగాలికి పోతున్నారని ఆయన తీర్మానం. ఎవరైనా కవర్లతో బయటికొస్తే, మొహమాటానికి జేబురుమాలు కొని ఉంటారనేవాడు. పోటీవాడి గడప తొక్కడం మర్యాద కాదని తాను వెళ్లి చూసిందీ లేదు. మా మెట్ల దగ్గర చెప్పులు పలచబడుతున్నా, ఆ ఖాళీ మెట్లే ఆయనకు ధైర్యం. క్రిస్మస్‌కు ఎప్పటికంటే ఎక్కువ సరుకే దింపాడు.

డిసెంబర్‌లో ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ పెద్దమ్మ సంగతి బయటపెట్టింది. నేనూ అక్కడే తింటున్నాను. చర్చిలో పాటలు పాడే ఆడవాళ్లంతా పండగకు ఒకే రంగు చీరలు కట్టాలనుకున్నారట. అందరికీ సరిపడా ఒకే రకం ఆ మాల్‌లోనే దొరికింది. వాళ్లతో పాటు తనూ వెళ్లింది.

“ఆడ ఎవరు చెప్పులిడవరయ్యా. కాళ్లకేసుకునే పోతరు. మూడో అంతస్తు దాకా జనమే.”

పెద్దనాన్న అన్నం కలపడం ఆపాడు. “మరి కూసునేదెట్ల?”

“కూసోరు. నిలబడే కొంటరు.”

“నువ్వు గూడ నిలబడే కొన్నవా?”

“అవ్,” అంది పెద్దమ్మ. “అందరిల నేనొక్కదాన్నే వేరే చీర ఎట్ల కట్టాలె?”

ఆయన కోప్పడతాడేమో అనుకున్నాను. మజ్జిగ పోయమన్నాడు, అంతే. ఆ పూట నాకు ఆయన మీద చాలా జాలి కలిగింది.

ఆ డిసెంబర్‌లో మా షాపుకు వచ్చినవాళ్లలో చాలామంది పలకరించి, టీ తాగి వెళ్లారు. క్రిస్మస్ ఆరాధన అయ్యాక చర్చి బయట పెద్దమ్మ కొత్త చీర కొంగును పెద్దనాన్న రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, “బట్ట మంచిదే” అన్నాడు. ఎండాకాలానికి పరుపులు పోయి కౌంటర్లు వచ్చాయి. వచ్చినవాళ్లను నిలబెట్టి మాట్లాడటం ఆయనకు చేతకాలేదు. ప్రతి ఒక్కరినీ కూర్చోమనేవాడు, కూర్చోడానికి ఏమీ ఉండేది కాదు. మెల్లగా షాపుకు వెళ్లడం తగ్గించాడు. బజారు మారిపోయిందని ఊళ్లో అందరూ అంతకుముందు నుంచే అంటున్నారు గానీ, పెద్దనాన్న పగటిపూట ఇంట్లో కనిపించడం మొదలయ్యాకే మాకు కాలం గడిచిపోయిందని తెలిసింది.