మీటరు మెచ్చిన ఏంటెనా

కర్టెన్ల దర్జీ గురించి మూడు మాటలు బాగా ప్రచారంలో ఉన్నాయి. ఆయన డాబా మీద కట్టిన తీగ వల్ల కింది వాటాలో టీవీ పాడైందన్నది మొదటిది. ఆ తీగ విప్పి ఉంచిన రోజుల్లోనూ ఆ టీవీలో గీతలు వచ్చేవి. కింది వాటావారు పాత ఫ్యాను రెగ్యులేటరు మార్చుకున్నాక గీతలు పోయాయి, అపవాదు మాత్రం పోలేదు. ఆస్తి పంపకాల్లో తేడా వచ్చి బావతో మాటలు మానుకున్నాడన్నది రెండోది. ఆ కుటుంబంలో పంచుకోవడానికి ఆస్తంటూ ఏదీ లేదు. ఆయన ఒక కొత్తరకం ఏంటెనా కనిపెట్టాడని రేడియో క్లబ్బు సభలో ఒక వక్త చెప్పింది మూడోది. పొగడ్త కాబట్టి దీన్నెవరూ ఖండించలేదు. పొగడ్త అయినంత మాత్రాన నిజమైపోదు.

ఆయన పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న హామ్ రేడియో మనిషి, అంటే సొంత సెట్టుతో సరదాకి దూరపువాళ్లతో గాల్లో మాట్లాడుకునేవాడు. దుకాణం వెనక గదిలో కత్తిరింపు బల్ల చివర, నూలు ఉండల పక్కన, తానే బిగించుకున్న చిన్న సెట్టు ఉండేది. డాబా మీద ఏంటెనా కూడా సొంత పనే. చెరో పక్కకూ చాచిన రెండు రాగి తీగలు, నడుమ వంటింట్లో అరిగిపోయిన కూరగాయలు తరిగే పలక ముక్క, అక్కణ్నుంచి సెట్టుదాకా దిగే కేబులు, చివర్లలో తీగకూ దాన్ని లాగి కట్టిన తాడుకూ మధ్య ఓవర్‌కోటు బొత్తాలు. గుడ్డ కత్తిరించేటప్పుడు మడత కోసం జానెడు వదిలే అలవాటు కొద్దీ తీగనూ లెక్కకు మించి వదిలేవాడు. పైకెత్తి, మీటరు చూసి, దించి, బెత్తెడు కత్తిరించి, మళ్లీ ఎత్తేవాడు. సెట్టు పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగొస్తోందో ఆ మీటరు చెబుతుంది. తిరిగొచ్చేది తగ్గేకొద్దీ ఏంటెనా కుదిరినట్టు లెక్క.

ఆయన బావ, అంటే అక్క భర్త, కొండల్లో ఒక ఆనకట్ట దగ్గర నీటిమట్టం చూసే ఉద్యోగి. ఆయనకూ ఒక సెట్టుంది, దర్జీ సెట్టు కంటే చాలా బలమైనది. సాయంత్రం దుకాణం కట్టేశాక ఇద్దరూ మాట్లాడుకునేవారు. చిన్నవాడు ముందు పిలవాలి, పెద్దవాడు బదులివ్వాలి. ఎవరూ పెట్టకుండానే ఏర్పడిన ఈ నియమాన్ని ఇద్దరూ ఏళ్ల తరబడి తప్పలేదు.

వానలు వెలిసిన కొత్తలో ఒక సాయంత్రం బావ అన్నాడు, "నీ గొంతు నూతిలోంచి వస్తున్నట్టుందోయ్. ఆ తీగ మీద బట్టలారేసుకో, దానికైనా పనికొస్తుంది."

"మా మీటరు భేషుగ్గా ఉందంటోంది బావా. మీ చెవులే ఒకసారి చూపించుకోండి" అని దర్జీ సెట్టు కట్టేశాడు.

ఆ ఎగతాళిలో ఒక కచ్చితమైన నివేదిక ఉందని ఆయనకు తోచలేదు.

మర్నాడు కోపం చల్లారి పిలిచాడు. జవాబు లేదు. ఆ మర్నాడూ అంతే. పైగా బావ ఎవరెవరితోనో నవ్వుతూ మాట్లాడడం సన్నగానైనా వినిపిస్తూనే ఉంది. తన పిలుపుకు మాత్రం ఉలుకూ పలుకూ లేదు. మీటరు ముల్లు సున్నా దాటడం లేదు. అంత మంచి అంకె ఆ మీటరు ఎన్నడూ చూపలేదు. దర్జీకి అనుమానం రావలసింది అక్కడే. ఆయన దాన్ని తన పనితనం కింద జమకట్టుకుని, తప్పు బావ మనసులో ఉందని తీర్మానించాడు.

"ఫోను చేసి అడగొచ్చు కదండీ" అంది భార్య, కర్టెను అంచుకు రింగులు కుడుతూ.

"రేడియోలో మూతి ముడుచుకున్న మనిషిని ఫోనులో బతిమాలాలా?"

"ముందు అలిగింది ఆయనో మీరో తేలాలి కదా."

ఆయన కత్తెరకు నూనె రాయడంలో మునిగిపోయాడు.

చివరికి అక్కే ఫోను చేసింది. "తమ్ముడూ, మీ బావ ఆ సెట్టు మీ క్లబ్బుకి ఇచ్చేస్తారట. ఆదివారం వచ్చి పట్టుకుపొమ్మని చెప్పేశారు. నువ్వు పిలవని సెట్టు తనకెందుకంటున్నారు."

"నేను పిలవకపోవడమేంటక్కా? రోజూ పిలుస్తున్నాను. ఆయనే పలకట్లేదు."

"రోజూ ఆ వేళకి ఆ హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని కూర్చుంటున్నారురా. నిన్న ఒకటి నా చెవికీ పెట్టారు. గుయ్యిమనడం తప్ప ఏమీ లేదు. నీ గొంతు నాకు తెలీదా?"

"బావ ఓసారి పిలవచ్చుగా."

"ఆయనా అదే అంటున్నారు, వాడు పిలవచ్చుగా అని. ఇద్దరికిద్దరూ సరిపోయారు."

దర్జీ ఫోను పెట్టేసి మీటరు ముందు కూర్చున్నాడు. మీటరు నిజమైతే అక్క అబద్ధమాడాలి. అక్క ఇద్దరినీ తిడుతుంది కానీ ఒకరి కోసం ఇంకొకరితో అబద్ధమాడే మనిషి కాదు. అప్పుడు మిగిలింది మీటరే.

నిచ్చెన తీసుకుని డాబా ఎక్కాడు. తీగలు బాగానే ఉన్నాయి, బొత్తాలూ బాగానే ఉన్నాయి. నడుమ పలక దగ్గర కేబులు అతుకును కట్టిన రోజున తాను గుడ్డ టేపుతో, రెక్సిన్ జిగురుతో మూశాడు. సోఫా కవర్లకు చాలిన ఆ జిగురు వానకు చాలలేదు. కత్తి పెట్టి కేబులు చీలిస్తే లోపలి రాగి అల్లిక నల్లబడి ఉంది. నొక్కితే నీళ్లు ఊరాయి. వత్తి నూనె పీల్చుకున్నట్టు ఆ అల్లిక వాన నీటిని కిందిదాకా పీల్చుకుంది. సెట్టు పంపినదంతా ఆ తడి కేబులే తినేస్తోంది. వెనక్కి తిరిగొచ్చేందుకు ఏమీ మిగలదు గనుకే మీటరు అంతగా మెచ్చుకుంది. బలమైన సెట్టు గనుక బావ గొంతు ఆ కేబులు దాటి ఎంతో కొంత చేరింది. తన గొంతు మాత్రం డాబా దాటలేదు.

శనివారం మధ్యాహ్నం ఒప్పుకున్న పని పక్కనపెట్టి కొత్త కేబులు కొనుక్కొచ్చాడు. ఈసారి అతుకును నీళ్ల గొట్టాల పనివాళ్లు వాడే రబ్బరు పట్టీతో చుట్టాడు. మీటరు ముల్లు సున్నా దగ్గర నిలవలేదు, కొంచెం పైకి లేచింది. కొత్త కేబులుతో అంకె పాతదానికంటే చెడ్డగా ఉంది, అంటే పంపినది తీగదాకా వెళ్లి కొంత తిరిగొస్తోందన్న మాట.

సాయంత్రం పిలిచాడు. కాసేపు గుయ్యిమంది.

"ఊఁ. వినిపిస్తున్నావు" అన్నాడు బావ. "ఏంటి విశేషం?"

ఆ మాటలు క్లబ్బు సభ్యుల్లో ఎవరైనా వినవచ్చు, చాలామంది వింటారు కూడా. దర్జీకి అది తెలుసు. "కేబుల్లోకి నీళ్లు దిగాయి బావా. మీరు ఆ రోజే చెప్పారు, నేను వినిపించుకోలేదు. మీరు కావాలని పలకట్లేదనుకున్నాను. మీ గురించి అలా అనుకోకూడదు."



"నేనైనా ఒక్కసారి పిలిచి ఉండాల్సింది" అన్నాడు బావ. "పెద్దరికం అడ్డొచ్చింది. సరే, రేపు వచ్చేవాళ్లకి నేనేం చెప్పాలి ఇప్పుడు?"

"మీ అక్కే చెబుతుందిలెండి" అని మధ్యలో మరో స్టేషన్‌వాడెవడో నవ్వాడు.

"ఆవిడ ఆయనకి అక్క కాదు, భార్య. అక్క నాకు" అని దర్జీ సరిదిద్దాడు. "నువ్వు కాస్త జరుగు బాబూ, మాకు చాలా బాకీ ఉంది మాట్లాడుకోవడానికి."

బావ సెట్టు ఇంట్లోనే ఉండిపోయింది.

దర్జీ చేసింది ఇంతే. కొత్త ఏంటెనా ఏదీ కనిపెట్టలేదు, అందరికీ తెలిసినదాన్నే చేతిలో ఉన్న సామానుతో కట్టాడు. ఒక అతుకు సరిగా మూయలేదు. మీటరును నమ్మి మనిషిని అనుమానించాడు, అది చిన్న తప్పు కాదు. అక్క మాటకూ మీటరుకూ పొంతన కుదరనప్పుడు అక్క మాటనే సాక్ష్యంగా తీసుకుని కేబులు కోసి చూశాడు. తప్పు తనదని తేలాక నలుగురూ వింటుండగా ఒప్పుకున్నాడు.