మోడు తాడిని కాపాడిన షమీమ్

"రాత్రి గూబ అరిచింది, తెల్లారేసరికి షమీమ్ పోయిందని కబురొచ్చింది. ఇంకేం రుజువు కావాలమ్మా నీకు? రంపం వాళ్ళను రేపు పొద్దున రమ్మని చెప్పేసినా. చేలో గూబలుండే ఆ మోడు తాడి కొట్టించేస్తా" అన్నాడు మా పెద్దవాడు రమణయ్య.

"గూబ అరిస్తే మనుషులు పోయేటట్టయితే, ఇన్నేళ్ళు వాటి గూళ్ళ కిందే కూర్చున్న మనిషి మొదటి వారమే పోయుండాల కదరా" అన్నాను.

"నీ నోటికో దండం. ఊరంతా మళ్ళీ అదే అంటున్నారు."

"ఊరికేం, అంటుంది. ఆ తొర్రలో పిల్లలున్నాయి. ఈ పొద్దు ఆమెను మట్టిలో పెడతారు, రేపు నువ్వు ఆమె కాపాడిన చెట్టు నరుకుతావా?"

వాడు చొక్కా తొడుక్కున్నాడు. పొయ్యి మీద ఎసరు పొంగి పోతున్నా లేవలేకపోయినాను. ఎసరు పొంగనిచ్చే మనిషిని కాను నేను.

డాక్టర్ షమీమ్ గారు నెల్లూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. జబ్బు సంగతి తెలుసు, కోలుకుంటుందనే అనుకున్నాం. మూడో తరగతితో బడి మానిన నేను అంతటి విదుషీమణిని గురించి రాయడం సాహసమే. అయినా ఆమె మా వసారాలో ఉండి పని చేసింది. నా కోడలి ఈడుది, ఏకవచనంలోనే పిలిచినాను, అట్లాగే రాస్తాను.

షమీమ్ నాయుడుపేటలో ఒక వడ్రంగి బిడ్డ. గూబల మీద పరిశోధన కోసం చిల్లకూరు దాటి సముద్రం వైపున్న మా పల్లెకు వచ్చింది. అప్పట్లో వరి మడుల్లో ఎలుకలు పడితే నూకల్లో మందు కలిపి గట్ల మీద పెట్టేవాళ్ళం. ఆ ఎలుకను తిని గూబ చచ్చేది. అపశకునం పిట్ట పోయింది, పీడ విరగడైందనుకునేవాళ్ళం. మరుసటి పంటకు ఎలుకలు ఇంకా పెరిగేవి. ఆ రెంటికీ లంకె ఉందని మాకు తట్టలేదు.

గూబ ఎలుకను మింగి, అరగని బొచ్చూ ఎముకలూ ఉండ చేసి కక్కుతుంది. మోడు తాడి కింద పడ్డ ఆ ఉండలన్నీ ఏరుకొచ్చి, నా చేటలో ఆరబెట్టింది.

"ఏమే అమ్మాయ్, బియ్యం చెరిగే చేటలో గూబ కక్కునా?"

"మీ వడ్లు తిన్నదెవరో ఇందులో ఉంది, చూడండవ్వా" అని ఒక ఉండ నానబెట్టి విప్పి, ఎలుక దవడలు చూపించింది.

"చూస్తాలే. ముందు చేట మార్చు."

సాయంత్రానికి కొత్త చేట తెచ్చి నాకిచ్చింది. పాతది ఆమెకే వదిలేసినాను.

గూబలు గూడు పెట్టుకునేందుకని, తండ్రి పనిముట్లతో తనే చెక్కపెట్టెలు చేసి, మోటారు షెడ్ల పక్కన నిలబెట్టించింది. అక్కడ రాత్రంతా దీపాలు. గూబలు రాలేదు, గోరింకలు కాపురం పెట్టినాయి. రైతులందరినీ కూర్చోబెట్టి, "అక్కడ పెట్టమన్నది నేనే. నేననుకున్నది తప్పని తేలింది. పెట్టెలు తీసి చీకటిగా ఉండే గట్ల మీదికి మారుద్దాం" అన్నది.

"ఇంత చదివి తప్పు చేసినానంటావేమ్మా!" అని ఎకసెక్కమాడినాడు సుబ్బరామయ్య.

"తప్పు తెలుసుకోవడానికే చదివిందన్నా. తెలిశాక దాచుకుంటే ఆ చదువెందుకు?"

ఆ మాటతోనే మా ఊరు ఆమె చెప్పింది వినడం మొదలుపెట్టింది. గూబలను ఆకాశానికెత్తలేదు ఆమె. "గూబ ఒక్కటే చాలదు. ఎలుకలు మరీ ఎక్కువైతే వెదురు బుట్టలు పెట్టి పట్టాల్సిందే" అనేది. ఏ మడిలో ఎలుక ఎన్ని దుబ్బులు కొరికిందో పంట పంటకూ చూపించి మరీ చెప్పేది. అవన్నీ చూసిన మీదటే ఊరు మందు మానింది, తొర్రలున్న మోడు తాళ్ళు కొట్టకూడదని కట్టుబాటు పెట్టుకుంది. "నా మాట నమ్మొద్దు, ఉండ విప్పి చూడండి" అన్నది ఆమెకు ఊతపదం.

కబురొచ్చిన నాటి మధ్యాహ్నమే నాయుడుపేటలో ఆమెను మట్టి చేసినారు. నేను లోపల ఆమె తల్లి పక్కన కూర్చున్నాను. మా రమణయ్య జనాజాకు భుజం పట్టినాడు.

తిరిగొచ్చినాక వాడు ఇంట్లోకి రాకుండా చేలోకి పోయినాడు. పొద్దుగూకే వేళకు తువ్వాల్లో ఉండలు మూటగట్టుకొచ్చి, తొట్టిలో నానేసి, అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పినాడు. ఎముకలు వరసగా పెట్టినాడు.

"అన్నీ ఎలుకలేనమ్మా" అన్నాడు చివరికి.

"ఊరేమంటుందో?"

"వచ్చి చూసుకోమను."

షమీమ్ వంటి సత్యసంధురాలు మా ప్రాంతానికి మళ్ళీ దొరకడం దుర్లభం. నా తప్పు ఇదీ అని నలుగురిలో నిలబడి చెప్పిన పండితురాలిని ఇంతకు ముందు నేను చూడలేదు. ఆమె లోటు తీరేది కాదు. ఆ పుణ్యాత్మురాలికి ఈ ముసలిదాని నమస్కారం.

మరునాడు పొద్దున్నే రంపం వాళ్ళు ఆటోలో దిగినారు. మా వాడు వాళ్ళకు కాఫీ ఇప్పించి, దొడ్లో ఎండిపోయిన తుమ్మచెట్టు కోయించుకుని పంపించినాడు.