మూడు పేర్ల ఓడ

పొద్దున ఆళ్లగడ్డ చర్చిలో మా సుగుణక్క సంఘపెద్ద నోరు మూయించింది. సాయంత్రమైనా నాకు నవ్వు ఆగడం లేదు.

మా బావ విదేశీ విహారయాత్రల ఓడలో వంటమనిషి. అక్క ప్రతి ఆదివారం ఆ ఓడ పేరు చెప్పి ప్రార్థన చేయిస్తుంది. గ్రీసు షావుకారు చేతిలో ఉన్నప్పుడు దానికి ఎవరో రాణి పేరు ఉండేది. నార్వే కంపెనీ కొన్నాక నక్షత్రం పేరు వచ్చింది. ఇప్పుడు అమెరికావాళ్లు కొని, పొగగొట్టానికి ఎర్రరంగు పూసి, ఏదో పువ్వు పేరు పెట్టినారని బావ ఫోటో పంపినాడు. ఓడ అదే, వంటగది అదే, జీతమిచ్చే చెయ్యి మాత్రం మారింది.

రేడియోలో తుఫాను వార్త విన్నప్పటి నుంచి అక్కకు నిద్ర లేదు. ఈ రోజు లేచి కొత్త పేరు చెప్పగానే సంఘపెద్ద యోహానయ్య విసుక్కున్నాడు.

"ఏందమ్మా, మళ్లా ఇంకో పేరు చెప్తాండావ్? ఏ ఓడను కాపాడమని అడగాల దేవుణ్ణి?"

అక్క తడుముకోలేదు. "అయ్యా, మీరు ఇస్కూల్లో ఓబులేసు సారు, ఈడ యోహానయ్య. మీరెవరో దేవునికి ఎప్పుడన్నా తెలీకుండా పోయిందా?"

చర్చి అంతా ఒకటే నవ్వు. దీనికి ఎవరి దగ్గరైనా జవాబుంటే చెప్పండి, ఆయనకు చేరవేస్తా.

పాపం, ఆయనా నవ్వేసి, ఓడ పేర్లు మూడూ చెప్పి నిండుగా ప్రార్థన చేసినాడు. అందరం ఆమెన్ అన్నాం. అక్క మాత్రం కళ్లు తెరవకుండా, మేమంతా మర్చిపోయిన నాలుగో పేరు మెల్లగా చెప్పుకుంది. అది మా బావ పేరు.