క్లెమెంట్ ఏమీ మార్చని కారు

మా పక్కింటి క్లెమెంట్ ఆక్లీ ప్రతి ఆదివారం చర్చికి వెళ్తాడు. కానీ వాళ్ళక్క ఐవీ కారు మాటెత్తితే చాలు, పచ్చి అబద్ధాలకోరు. అందులో ఏం మార్చినా "ఏమీ మార్చలేదు" అంటాడు.

పంతొమ్మిదివందల అరవై రెండు నాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. ఐవీ నర్సుగా చేరిన కొత్తలో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుంది. మా మాల్వర్న్ ఊళ్ళో వాన పడితే లోపల కూర్చుని గొడుగు పట్టుకోవలసిన సరుకు. పోయిన చలికాలం క్లెమెంట్ దాన్ని తన షెడ్డులో పెట్టి, "తుప్పు గీకి రంగేస్తాను, అంతే" అన్నాడు.

వారం తిరక్కుండా ఇంజను దగ్గడం మానేసింది. తాళం తిప్పగానే లేస్తోంది.

"కొత్త ఇగ్నిషన్ పెట్టావా?"

"ప్లగ్గులు తుడిచానంతే."

తర్వాత ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులొచ్చాయి. "మట్టి కడిగితే బయటపడ్డాయయ్యా" అన్నాడు కళ్ళార్పకుండా. ఐదో గేరు? "మొదట్నుంచీ ఉంది, ఎవరూ అంతదూరం వెళ్ళలేదు." హీటరు? "ఇవాళ ఎండ బాగా కాస్తోంది." బయట మంచు కురుస్తోంది.

పాత కార్ల సంఘం నుంచి హోరస్ భూతద్దం పట్టుకుని వచ్చాడు. పాత కారులో కొత్త భాగం పెట్టడం వాళ్ళ లెక్కలో మహాపాపం. డాష్‌బోర్డు కింద దూరి కేకపెట్టాడు.

"స్టీరింగుకి కరెంటు మోటారు! ఘోరం!"

"ఎలుక గూడై ఉంటుంది."

"ఎలుకకి వైర్లుంటాయా?"

"ఈమధ్య అన్నిటికీ ఉంటున్నాయి కదా."

ముప్పై ఏళ్ళుగా సభ్యుడైన క్లెమెంట్ పేరు సంఘం కొట్టేసింది. నాకు ఒళ్ళు మండింది.

"ఒప్పుకుంటే క్షమించేవాళ్ళుగా!"

క్లెమెంట్ గొంతు తగ్గించాడు. "అక్క చేతులు చూశావా? వేళ్ళన్నీ వంకరపోయాయి. పాత స్టీరింగు తిప్పలేక కారు అమ్మేస్తానంది. తన కోసం మార్చానని తెలిస్తే, 'నేనేం ముసలిదాన్నా?' అని ముట్టుకోదు. హోరస్‌కి చెబితే ఊరంతా తెలిసిపోదూ!"

సోమవారం ఐవీ నన్ను కారులో ఎక్కించుకుంది. ఆవిడ రోజూ ఆసుపత్రికి వెళ్ళి రోగుల బంధువులకు టీ పోస్తుంది. కొండ మలుపులన్నీ ఒంటిచేత్తో తిప్పేసింది.

"చేతులకి బలమొచ్చినట్టుందే!" అన్నాను.

"బలమా, పాడా! అంతా మా తమ్ముడి మోటారు."

"మీకు తెలుసా!"

"యాభై ఏళ్ళు నడిపానయ్యా, తెలీకపోవడమేంటి? వాడికి మాత్రం చెప్పకు."

"ఎందుకని?"

"క్లచ్చు ఇంకా గట్టిగానే ఉంది. పొద్దున్నే వాడి చెవిన వేశాను, 'కాలు లాగుతోందిరా' అని."

మేం తిరిగొచ్చేసరికి క్లెమెంట్ షెడ్డు తలుపులు బార్లా తెరిచిపెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, శ్రద్ధగా ఆకాశం చూస్తున్నాడు.